మన బుడ్డలు టీవీలో వేరుశనగ ఎందుకైనాయి: యాభై ఏళ్ల బుల్లితెర వైవిధ్యం, దాని లెక్కలు

కర్నూలు పక్క పల్లెల్లో బుడ్డలంటే అందరికీ తెలుసు. అనంతపురం, కడప వైపు వాటినే చెనక్కాయలంటారు. పొద్దున్నే టీవీలో వచ్చే వ్యవసాయ కార్యక్రమంలో మాత్రం అవి వేరుశనగ. చీనీకాయ బత్తాయి అవుతుంది. ఉగ్గానికి నానబెట్టే బొరుగులు వంటల కార్యక్రమంలో మరమరాలవుతాయి. అర్థం కాకపోవడమంటూ ఏమీ లేదు, సీమ ప్రేక్షకుడు యాభై ఏళ్లుగా ఈ తర్జుమా మనసులోనే చేసుకుంటున్నాడు. అయితే వందల చానళ్లు వచ్చాక కూడా ఆ తర్జుమా అవసరం ఎందుకు తీరలేదన్నది తేలిగ్గా జవాబు దొరికే ప్రశ్న కాదు. టీఆర్‌పీని, అంటే ఏ కార్యక్రమాన్ని ఎంతమంది చూస్తున్నారన్న అంకెను, లెక్కించే పద్ధతిని మార్చడానికి కేంద్రం 2025లో ముసాయిదా నిబంధనలు విడుదల చేయడంతో, టీవీలో ఎవరి అభిరుచి లెక్కకొస్తోంది, ఎవరిది రావడం లేదన్న చర్చ మళ్లీ మొదలైంది. ఆ చర్చ అర్థం కావాలంటే మొదట ఒక మాటను విడదీసుకోవాలి.

వైవిధ్యం అంటే ఒకటి కాదు, నాలుగు

టీవీలో వైవిధ్యం పెరిగిందనేవాళ్లు, తగ్గిందనేవాళ్లు చాలాసార్లు వేర్వేరు సంగతులు మాట్లాడుతుంటారు. మొదటిది యజమానుల వైవిధ్యం: చానళ్లు ఎంతమంది చేతుల్లో ఉన్నాయి, కార్యక్రమాలు ఎక్కడ తయారవుతున్నాయి. రెండోది రకాల వైవిధ్యం: సీరియల్, వార్తలు, సేద్యం, సంగీతం, పిల్లల కార్యక్రమాలు, నాటకం ఇలా ఎన్ని రకాలు వస్తున్నాయి. మూడోది మనుషుల, మాటల వైవిధ్యం: తెర మీద ఏ ప్రాంతం వాళ్లు, ఏ కులాల, మతాల వాళ్లు, ఏ యాస కనిపిస్తున్నాయి, ఏ పాత్రల్లో కనిపిస్తున్నాయి. నాలుగోది చూపు వైవిధ్యం: ఇన్ని ఉన్నా ఒక ఇంట్లో నిజంగా చూస్తున్నవి ఎన్ని.

ఈ నాలుగూ కలిసి పెరగవు. ఒకటి పెరిగినప్పుడు ఇంకొకటి తగ్గడం కూడా ఉంది. మన మూడు జిల్లాల టీవీ చరిత్రలో అది స్పష్టంగా కనిపిస్తుంది.

1975: కర్నూలు పల్లెకు ఉపగ్రహం నేరుగా దిగిన ఏడాది

హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే కర్నూలు జిల్లాలోని కొన్ని పల్లెలు టీవీ చూశాయి. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా సాగిన ఆ ప్రయోగాన్ని 'సైట్' అనేవారు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు వాడుకోనిచ్చింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలను ఎంచుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్‌లతో పాటు కర్నూలు జిల్లా ఉంది.

ఊరికి ఒకటే సెట్టు, అదీ ఊరందరిదీ. పక్కనే కోళ్ల గూళ్లకు వాడే తీగ జాలీతో చేసిన పదడుగుల గొడుగు యాంటెన్నా. పొద్దున గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. ఆ గంటన్నరను హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ భాషలకు సమానంగా పంచారు, అంటే భాషకు 22 నిమిషాల 30 సెకన్లు. దృశ్యానికి ఒకటే మార్గం, మాటకు మాత్రం రెండు మార్గాలు ఉండేవి. కాబట్టి ఒకే బొమ్మను రెండు భాషల్లో పంపే వీలుండేది. సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పిల్లలకు సైన్సు ప్రధాన విషయాలు.

రకాలపరంగా చూస్తే పల్లె అవసరానికి ఇంత దగ్గరగా వచ్చిన టీవీ తర్వాత తక్కువే. తయారీ మాత్రం దూరంగా జరిగేది. తెలుగు, కన్నడ కార్యక్రమాలకు హైదరాబాద్‌లో ఒక నిర్మాణ కేంద్రం పెట్టారు. అదే కాలంలో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో ఇంకో ప్రయోగం నడిచింది. అక్కడ పిజ్ అనే ఊళ్లో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి, చుట్టుపక్కల పల్లెవాళ్లనే కలుపుకొని, వాళ్ల చరోతరీ మాటలో కార్యక్రమాలు తీశారు. కర్నూలుకు అందింది ఆకాశం నుంచి వచ్చే సంకేతం. ఖేడాకు అందింది సొంత గొంతు. టీవీ ఊరికి చేరడం వేరు, ఊరు టీవీలోకి చేరడం వేరు అన్న సంగతి అప్పుడే తేలిపోయింది. ఏడాది గడువు కాగానే ఉపగ్రహాన్ని నాసా వెనక్కి తీసుకుంది, మన పల్లెల్లో ఆ ప్రయోగం అక్కడితో సరి.

ఒక్క చానల్, వారంలో అన్నీ

1980ల్లో జిల్లా కేంద్రాల్లో, పెద్ద పట్టణాల్లో తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లు వచ్చాయి. వంద వాట్ల ఆ ట్రాన్స్‌మిటర్లు పట్టణానికి, చుట్టూ ఉన్న కొన్ని పల్లెలకే అందేవి, అదీ మొదట్లో ఎక్కువగా ఢిల్లీ నుంచి వచ్చేదాన్నే తిరిగి పంపేవి. మిద్దె మీద యాంటెన్నా తిప్పుకుంటూ సీమ చూసిన తొలి దైనందిన టీవీలో హిందీ పాలే ఎక్కువ. 1984లో మొదలైన 'హమ్ లోగ్', 1987లో 'రామాయణ్', 1988లో 'మహాభారత్' అలా వచ్చినవే. శుక్రవారం సాయంత్రం తెలుగు పాటల 'చిత్రలహరి' కోసం వారమంతా ఎదురుచూడటం ఆ తరానికి బాగా గుర్తు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. యజమాని ఒక్కడే, అదీ ప్రభుత్వం. ప్రతిపక్షం మాటకు వార్తల్లో చోటు తక్కువ, కాబట్టి మొదటి రకం వైవిధ్యం దాదాపు సున్నా. రెండో రకం మాత్రం గొప్పగా ఉండేది. ఒకే తెర మీద సేద్యం, శాస్త్రీయ సంగీతం, నాటకం, విశ్వవిద్యాలయ పాఠాలు, ఆదివారం మధ్యాహ్నం ఇతర భాషల అవార్డు సినిమాలు, చెవిటివాళ్ల కోసం సంజ్ఞల వార్తలు వచ్చేవి. మార్చడానికి వేరే చానల్ లేదు గనుక నాలుగో రకమూ ఎక్కువే. ఇష్టం ఉన్నా లేకున్నా ఒక ఇంట్లో వాళ్లు బెంగాలీ సినిమా, కర్ణాటక కచేరీ రెండూ చూశారు.

దీన్ని స్వర్ణయుగమని తలుచుకునేవాళ్ల మాటలో నిజం ఉంది. అయితే ఆ రకాలన్నీ ఏవి ఉండాలో ఎక్కడో కూర్చున్న అధికారులే నిర్ణయించారు, ప్రేక్షకుడికి ఎంపిక లేదు అని గుర్తుచేసేవాళ్ల మాటా అంతే నిజం. రెండు వాదాలూ రెండు వేర్వేరు వైవిధ్యాల గురించినవి.

చానళ్లు పెరిగితే రకాలు ఎందుకు పెరగలేదు: వంద ఇళ్ల లెక్క

1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. 2002లో మా టీవీ, ఆ తర్వాత జీ తెలుగు. 2004లో టీవీ9 వచ్చింది, వార్తా చానళ్లు వరస కట్టాయి. ఇన్ని వచ్చినా రాత్రి ఎనిమిదింటికి ఏ చానల్ తిప్పినా సీరియలే అన్న ఫిర్యాదు ఎందుకు? దీనికి ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు, కూడికలు తీసివేతలు చాలు.

ఊళ్లో వంద ఇళ్లున్నాయనుకుందాం. అంకెలు ఉదాహరణకే. 60 ఇళ్లకు కుటుంబ సీరియల్ ఇష్టం, 25 ఇళ్లకు సినిమా, హాస్యం, 15 ఇళ్లకు సేద్యం, జానపదం లాంటివి. మొదటి చానల్ సీరియల్ వేస్తుంది, 60 ఇళ్లు. రెండో చానల్‌కు సినిమా వేస్తే 25, సీరియల్ వేసి సగం పంచుకుంటే 30. అదీ సీరియలే వేస్తుంది. మూడోదానికి సీరియల్‌లో వాటా 20, సినిమాకు 25. సినిమా వైపు పోతుంది. నాలుగోదానికి సీరియల్‌లో 20, సినిమాలో పన్నెండున్నర, సేద్యానికి 15. మళ్లీ సీరియల్. ఐదో చానల్ వచ్చేసరికి సీరియల్‌లో 15, సేద్యానికి 15, సరిసమానం. సబ్బులు, మసాలాలు, నగల ప్రకటనలు ఇచ్చేవాళ్లు ఇంట్లో కొనుగోళ్లు చూసుకునే ఆడవాళ్లు చూసే సమయానికే ఎక్కువ చెల్లిస్తారు కాబట్టి ఐదోదీ సీరియల్‌కే మొగ్గుతుంది. నాలుగు చానళ్లు ఒకే 60 ఇళ్ల కోసం కొట్టుకుంటాయి, ఆ 15 ఇళ్లు అలాగే మిగిలిపోతాయి.

అదే ఐదు చానళ్లూ ఒకే యజమానివి అయితే? తనతో తాను పోటీ పడడు. ఒక దాంట్లో సీరియల్, ఒక దాంట్లో సినిమా, ఒక దాంట్లో సేద్యం వేసి వంద ఇళ్లనూ పట్టుకుంటాడు. దూరదర్శన్ ఒక్కటే ఉన్నప్పుడు రకాలు ఎక్కువగా ఉండటానికి ప్రజాసేవ లక్ష్యం ఎంత కారణమో, ఈ లెక్కా అంతే కారణం.

మార్కెట్‌ను సమర్థించేవాళ్లు దీనికి చెప్పే జవాబు కొట్టిపారేయదగింది కాదు. చానళ్లు ఇంకా పెరిగితే ఏదో ఒక దశలో ఆ 15 ఇళ్లే లాభంగా కనిపిస్తాయి అంటారు. కొంతవరకు అదే జరిగింది. పిల్లలకు, పాటలకు, హాస్యానికి, భక్తికి విడి చానళ్లు వచ్చాయి. 1995 నుంచీ ఈటీవీ 'అన్నదాత' నిలబడింది. పొద్దున పూట సమయానికి ప్రకటనల పోటీ తక్కువ, పైగా ఆ సంస్థల వాళ్లు 1969లోనే అదే పేరుతో రైతు పత్రిక మొదలుపెట్టారు. 1996లో మొదలైన 'పాడుతా తీయగా' చిన్న ఊళ్ల పిల్లల గొంతులను రాష్ట్రమంతా వినిపించింది. ప్రకటనల మీద బతకని చానల్‌కు ఈ లెక్కే వర్తించదు. 2008లో వచ్చిన టీటీడీ వారి భక్తి చానల్ ఎస్వీబీసీ అన్నమయ్య కీర్తనకు గంటలు గంటలు ఇవ్వగలగడం అందుకే. అన్నమయ్య తాళ్లపాక మన కడప జిల్లాలోదే (ఇప్పటి అన్నమయ్య జిల్లా పేరు ఆయనదే) కాబట్టి ఇక్కడి వాళ్లకు అది దగ్గరి సంగతి.

సీరియల్‌లో సీమ మాట ఎక్కడ జారిపోతుంది

సీరియళ్లలో రాయలసీమ యాస లేకపోవడానికి రచయితల చిన్నచూపే కారణమని చాలామంది అనుకుంటారు. చిన్నచూపు లేదనను. కానీ ఆ మాట జారిపోయేది ఎక్కువగా తయారీ పద్ధతిలోనే.

గంటకు ప్రకటనలు 12 నిమిషాలు దాటకూడదన్నది కేబుల్ టీవీ నియమం. అరగంట సీరియల్‌లో ఆ లెక్కన 24 నిమిషాలు మిగులుతాయి, టైటిళ్లు, జరిగిన కథ పోగా 22 అనుకుందాం. వారానికి ఆరు రోజులంటే 132 నిమిషాలు, అంటే వారం వారం ఒక సినిమా నిడివి తీయాలి. ఆ వేగానికి బనగానపల్లె వీధుల్లోనో, తాడిపత్రి బండల ఫ్యాక్టరీ దగ్గరో చిత్రీకరణ కుదరదు. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఇల్లు తీసుకుని, లైట్లు కదల్చకుండా, ఒకే హాల్లో పది ఎపిసోడ్ల సన్నివేశాలు వరసగా తీసేస్తారు. కథ ఏ ఊరిదైనా మెట్లున్న ఆ హాలు ఒకటే కావడం అందుకే.

ఇక మాట. చాలా సీరియళ్లలో ప్రధాన నటీనటులు కన్నడ సీరియళ్ల నుంచి వచ్చినవాళ్లు. సన్నివేశం కాగితం సెట్‌కు వస్తుంది, ప్రాంప్టర్ పక్కన నిలబడి గట్టిగా చదువుతాడు, నటి ఆ మాటలు పలుకుతుంది. తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో ఇంకొకరు గొంతిస్తారు. కాగితం మీద 'ఎక్కడికి వెళ్తున్నావు' అని ఉందనుకోండి. ఎనిమిది అక్షరాలు, పెదవులు ఎనిమిదిసార్లు కదులుతాయి. డబ్బింగ్ కళాకారిణి అనంతపురం మనిషే అయినా 'యాడికి పోతాండావ్' అనలేదు, అది ఆరు అక్షరాలే. చివరి రెండు కదలికలకు గొంతు ఉండదు. అంటే యాస కాగితం మీదే ఉండాలి, ప్రాంప్టర్‌కు నోరు తిరగాలి, నటికి అలవాటు కావాలి, డబ్బింగ్‌లో నిలవాలి. నాలుగు మెట్లలో ఒక్కటి తప్పినా మాట కృష్ణా, గోదావరి వైపు కొట్టుకుపోతుంది.

ఇన్ని మెట్లు దాటి సీమ మాట తెరకెక్కినప్పుడు కూడా ఎక్కువగా రెండు పాత్రలకే దక్కింది. ఒకటి కొడవలి పట్టిన ఫ్యాక్షన్ పెద్ద, రెండు నవ్వించే మనిషి. గుంటక తోలే రైతు, బడి పంతులమ్మ, బ్యాంకు ఉద్యోగిని సీమ మాటలో మాట్లాడటం అరుదు. వార్తల్లోనూ ఇదే కొలత. దసరా రాత్రి దేవరగట్టు కర్రల సమరం, తొలకరికి తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల వేట, కరువు వచ్చిన ఏడాది ఎండిన చేలు. అవి నిజాలే. ఒక ప్రాంతాన్ని అవి మాత్రమే చెప్పడం నిజం కాదు.

ఇది మారదా అంటే పక్కనే ఉదాహరణ ఉంది. తెలంగాణ యాసకూ తెర మీద ఇదే గతి ఉండేది. 2012లో వచ్చిన వీ6 చానల్ 'తీన్మార్' వార్తలను ఆ యాసలోనే చదివించింది. నవ్వుకు వాడిన మాట వార్తకు పనికొచ్చింది. రాష్ట్ర ఉద్యమం దాని వెనుక ఉంది, నిజమే. సీమకు అలాంటి రాజకీయ బలం, అంత పెద్ద నగర మార్కెట్టు లేవు.

అందరికీ అర్థమయ్యే ఒక తెలుగు ఉండాలి, లేకపోతే శ్రీకాకుళం ప్రేక్షకుడు చానల్ మారుస్తాడు అనేవాళ్లున్నారు. వ్యాపారంగా ఆ భయానికి ఆధారం లేకపోలేదు. అయితే వేరుశనగ, బత్తాయి, మరమరాలను సీమవాళ్లు వినగా వినగా నేర్చుకున్నారు. బుడ్డలు, చీనీ, బొరుగులను మిగతావాళ్లూ అలాగే నేర్చుకోగలరన్న వాదమే నాకు బలంగా కనిపిస్తుంది.

మీటరు ఎన్ని ఇళ్లలో ఉంది

చానల్ ఏం వేయాలో చెప్పేది టీఆర్‌పీ. 2015 నుంచి దీన్ని బార్క్ సంస్థ కొలుస్తోంది. ప్రతి చానల్ తన ధ్వనిలో చెవికి వినపడని ఒక గుర్తు కలుపుతుంది. ఎంచుకున్న ఇళ్లలో పెట్టిన మీటరు ఆ గుర్తును పట్టుకుంటుంది. ఇంట్లో ఎవరు చూస్తున్నారో తెలియడానికి ఒక్కొక్కరికీ ఒక్కో బటన్ ఉంటుంది. అత్త చూస్తూ కోడలి బటన్ నొక్కితే లెక్క కోడలి ఖాతాలో పడుతుంది, ఎవరూ నొక్కకపోతే ఎవరు చూశారో తెలియదు.

2025 నాటికి దేశంలో టీవీ ఉన్న ఇళ్లు సుమారు 23 కోట్లు, మీటర్లు సుమారు 58 వేలు. భాగిస్తే ఒక మీటరు దాదాపు 4,000 ఇళ్ల తరఫున మాట్లాడుతోంది. 40 వేల ఇళ్లున్న ఊరికి ఈ లెక్కన పది మీటర్లు. ఆ పది ఇళ్లలో రెండు ఇళ్లవాళ్లు పెళ్లికి పోతే ఊరి వీక్షణ ఐదో వంతు పడిపోయినట్టు కనిపిస్తుంది. ఇంత చిన్న నమూనా రాష్ట్రమంతటి పెద్ద అంకెకు పనికొస్తుంది, జిల్లా అభిరుచికి పనికిరాదు. పైగా ప్రకటనల మార్కెట్‌లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి ఒకటే. ఆదోని ఇష్టం, అమలాపురం ఇష్టం, ఆదిలాబాద్ ఇష్టం ఒకే అంకెలో కరిగిపోతాయి. 2015 అక్టోబరుకు ముందైతే ఇంకా అన్యాయం, కొలత ప్రధానంగా పట్టణాలదే. పల్లె ఏం చూస్తోందో అంకెల్లో లేదు కాబట్టి పల్లె కోసం తీయడానికి ప్రకటనదారు డబ్బు పెట్టలేదు.

2025 ముసాయిదా మీటర్లను మొదట కనీసం 80 వేలకు, తర్వాత 1,20,000కు పెంచాలంది. 1,20,000 అయినా మీటరుకు దాదాపు 1,900 ఇళ్లు, మన 40 వేల ఇళ్ల ఊరికి సుమారు ఇరవై ఒక్క మీటర్లు. వార్తా చానళ్ల రేటింగుల మీద ఆరోపణలు రావడంతో 2020 అక్టోబరు నుంచి 2022 మార్చి దాకా వాటి ప్రకటనే ఆపేశారు. మీటర్లు పెరిగితే ఇలాంటి అక్రమాలు చేయడం కొంచెం కష్టమవుతుంది, అంకెకు నిలకడ వస్తుంది. సీమకు విడిగా ఒక అంకె మాత్రం రాదు.

కన్నడ, ఉర్దూ ఇళ్ల బిల్లు

సీమ అంటే తెలుగొక్కటే కాదు. మడకశిర, హిందూపురం, రాయదుర్గం, ఆలూరు వైపు కన్నడ మాట్లాడే ఇళ్లున్నాయి. కర్నూలు పాతబస్తీలో, కడపలో ఉర్దూ ఇంటి భాష. 2001లో ఈటీవీ ఉర్దూ, 2006లో డీడీ ఉర్దూ వచ్చాక వీళ్లకూ ఒక తెర దొరికింది. కేబుల్ ఆపరేటర్ ఒకే ధరకు అన్నీ కలిపి ఇచ్చిన రోజుల్లో బళ్లారి, బెంగళూరు వైపు చూసే ఇళ్లకు కన్నడ చానల్ కోసం విడిగా ఖర్చు ఉండేది కాదు.

2019 ఫిబ్రవరి 1న టెలికాం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త ధరల విధానం అమలులోకి వచ్చింది. వంద చానళ్ల దాకా నెట్‌వర్క్ రుసుము గరిష్ఠంగా 130 రూపాయలు, 18 శాతం పన్నుతో 153 రూపాయల 40 పైసలు. కావలసిన పే చానల్‌ను విడిగా కొనుక్కోవాలి. ఒక ఇల్లు నాలుగు తెలుగు వినోద చానళ్లు తీసుకుందనుకుందాం, ఒక్కోటి 19 రూపాయల లెక్కన 76, పన్నుతో 89 రూపాయల 68 పైసలు. మొత్తం 243 రూపాయల 8 పైసలు. ఇంట్లో అవ్వ కోసం రెండు కన్నడ చానళ్లు కలిపితే ఇంకో 44 రూపాయల 84 పైసలు. రాసిన ఉద్దేశం మంచిదే, చూడనిదానికి డబ్బు కట్టనక్కర్లేదు. అయితే రెండు భాషల ఇల్లు రెండు భాషలకూ కట్టుకోవాల్సి వచ్చింది. కొన్ని చానళ్లను కలిపి అమ్మే బొకేలు చవక గనుక చాలామంది తెలుగు బొకేతో సరిపెట్టుకున్నారు. ఆ పరిమితులు తర్వాత పలుమార్లు మారాయి, ఈ చిక్కు మారలేదు.

డబ్బింగ్ సీరియళ్ల తగవూ భాషదే. హిందీ నుంచి తెచ్చి డబ్ చేయడం కొత్తగా తీయడం కన్నా ఎంతో చవక. తమ పని పోతోందని తెలుగు టీవీ కళాకారులు, సాంకేతిక నిపుణులు వాటి మీద ఆందోళనలు చేశారు. పురాణ కథలను ఆ భారీ సెట్లలో మనం తీసుకోలేం, చూడనివ్వండి అన్నది ప్రేక్షకుల్లో ఇంకో పక్షం.

చట్టంలో జిల్లాకు ఉన్న చోటు

వైవిధ్యం కోసం నిబంధనలు లేకపోలేదు. 2022 నవంబరు మార్గదర్శకాల ప్రకారం, క్రీడల చానళ్ల లాంటివి తప్ప, చానళ్లు రోజుకు 30 నిమిషాలు విద్య, సేద్యం, ఆరోగ్యం, మహిళలు, బలహీన వర్గాలు, పర్యావరణం, సంస్కృతి లాంటి విషయాలకు ఇవ్వాలి. అయితే ఏ ప్రాంతం సేద్యం, ఏ యాసలో అన్నది అందులో లేదు. డెల్టా వరి గురించి అరగంట చెప్పినా నియమం పాటించినట్టే, నల్లరేగడి కంది గురించి చెప్పినా పాటించినట్టే. 2014లో రాష్ట్రం విడిపోయాక దూరదర్శన్ సప్తగిరి విజయవాడ నుంచి నడుస్తోంది. కడపలో ఆకాశవాణి కేంద్రం 1963 నుంచి ఉంది కాబట్టి సీమ రైతు మాట టీవీ కన్నా ముందే రేడియోకు అలవాటు.

జిల్లాకు నిజంగా దగ్గరైనది స్థానిక కేబుల్ చానలే. దేవుని కడప తేరు, పెద్ద దర్గా ఉరుసు, కదిరి నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు మొదటి నుంచి చివరిదాకా చూపేది అదే. వార్త చదివేవాళ్లూ ఊరి మనుషులే. 2022 నవంబరులో వీటికీ నిబంధనలు వచ్చాయి. కేబుల్ సంస్థ మోసే మొత్తం చానళ్లలో సొంత చానళ్లు 5 శాతం మించకూడదు, ఒక్కో దానికి నమోదు రుసుము వెయ్యి రూపాయలు. 300 చానళ్లు మోసే సంస్థకు పదిహేను సొంత చానళ్లకు వీలుంటుంది. ఇవి కాక జిల్లా అవసరాల కోసమంటూ జిల్లాకు మరో రెండు చానళ్లు నడుపుకోవచ్చు.

ఆ రెండు చానళ్లలో ఏం రావాలన్నది స్థానిక ఆపరేటర్ చేతిలో ఉంది. చాలాచోట్ల అందులో పగలంతా సినిమాలు, నగల దుకాణాల ప్రకటనలు, సాయంత్రం అరగంట ఊరి వార్తలు. ఆ అరగంటలో మాత్రం బుడ్డలు బుడ్డలే, చీనీ చీనీయే.